షికాగోకి దారి... ఉత్తరం వైపు!

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో మొదటిసారి బయల్దేరిన పెద్దవాళ్లకు విమానంలో కాలక్షేపం ఏముంటుంది? సినిమాలు ఎంతసేపని చూస్తారు! చివరికి ఎదుటి సీటు వెనకున్న బుల్లితెర మీద మ్యాపు పెట్టుకుని కూర్చుంటారు. చిన్న విమానం బొమ్మ, దాని వెనకాల ఓ గీత. కాసేపటికి అనుమానం మొదలవుతుంది. 'బాబూ, అమెరికా పడమటి దిక్కున కదా ఉండేది... ఇదేంటి, ఉత్తరానికి పోతోంది?' అని పక్క సీటు కుర్రాణ్ని అడుగుతారు. 'దారి అంతేనండీ' అనేసి ఆ కుర్రాడు చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటాడు.

పెద్దాయన అనుమానంలో తప్పేం లేదు. చిన్నప్పుడు బళ్లో గోడకు వేలాడిన ప్రపంచ పటంలో అమెరికా ఎడమ పక్కనే ఉంది. మనకు పడమటనే ఉంది. మరి పైలట్ ఎందుకు చుట్టూ తిప్పుతున్నాడు?

నిజానికి తిప్పడం లేదు. అదే అన్నిటికన్నా దగ్గరి దారి!

స్కేలు చెప్పేదొకటి... దారం చెప్పేదొకటి!

ముందు గోడ మీది పటం సంగతి చూద్దాం. హైదరాబాద్ దగ్గర ఓ చుక్క, షికాగో దగ్గర ఓ చుక్క పెట్టి, స్కేలుతో గీత గీయండి. ముంబయికి కాస్త దిగువన మొదలై అరేబియా సముద్రం దాటుతుంది. ఒమన్, సౌదీ ఎడారులు, ఈజిప్టు, అల్జీరియా, మొరాకో మీదుగా పోయి అట్లాంటిక్ మహాసముద్రంలోకి దిగుతుంది. ఫిలడెల్ఫియా దగ్గర అమెరికా గట్టెక్కి షికాగో చేరుతుంది. చూడ్డానికి ఎంత సూటిగా ఉందో! ఆ దారిన నిజంగా ఎగిరితే దాదాపు 16,100 కిలోమీటర్లు.

ఇప్పుడు పటం పక్కన పెట్టి పిల్లల గ్లోబు తీసుకోండి. ఓ దారం పోగు తెచ్చి ఒక కొసను హైదరాబాద్ మీద, రెండో కొసను షికాగో మీద పెట్టి బిగుతుగా లాగండి. దారం తనంతట తనే జరుగుతుంది. ఎటు? ఉత్తరానికి! కొంచెం పడమటికి ఒరిగి అమృత్‌సర్ పక్కగా పోతుంది. పాకిస్థాన్ ఉత్తరాన ఉన్న పర్వతాలు, కిర్గిజ్‌స్థాన్, కజకిస్థాన్ దాటి రష్యాలోకి వెళ్తుంది. ఉరల్ పర్వతాలు దాటాక మంచు సముద్రం, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులు. ఉత్తర ధ్రువానికి పన్నెండు వందల కిలోమీటర్ల దూరంలోకి వెళ్లి, అక్కణ్నుంచి గ్రీన్‌లాండ్, కెనడాలోని హడ్సన్ బే మీదుగా కిందికి దిగి షికాగోలో తేలుతుంది. ఈ దారి 13,300 కిలోమీటర్లే!

తేడా 2,800 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో వెళ్లి తిరిగి వచ్చినా ఇంకా కొంత మిగిలిపోయేంత దూరం. గంటల్లో చెప్పాలంటే మూడు గంటలకు పైనే. బోయింగ్ 777 లాంటి పెద్ద విమానం గంటకు సుమారు ఏడు టన్నుల ఇంధనం తాగుతుంది. ఇక లెక్క మీరే వేసుకోండి.

ముప్ఫై సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గ్లోబైతే ఈ దారం పొడవు ముప్ఫై ఒక్క సెంటీమీటర్లు ఉంటుంది. స్కేలు గీతను అదే గ్లోబు మీద గీస్తే ముప్ఫై ఎనిమిది!

బత్తాయిని కోసినట్టు...

దీని వెనకున్న కిటుకు పెద్ద కష్టమైందేం కాదు. బత్తాయిని సరిగ్గా నడిమికి, అంటే కేంద్రం మీదుగా కోస్తే తొక్క మీద పడే వలయమే అన్నిటికన్నా పెద్దది. పైకో కిందికో కోస్తే వలయం చిన్నదైపోతుంది. భూమి మీద కూడా కేంద్రాన్ని చీలుస్తూ పోయే వలయాన్ని గ్రేట్ సర్కిల్ అంటారు. మనం మహావృత్తం అనుకోవచ్చు. భూమధ్యరేఖ అలాంటిదే. గుండ్రని బంతి మీద ఏ రెండు చోట్లకైనా అతి దగ్గరి దారి వాటిని కలిపే మహావృత్తం మీదే ఉంటుంది. మిగతా అక్షాంశ రేఖలన్నీ చిన్న వలయాలే కాబట్టి వాటిని పట్టుకుని పోతే చుట్టు తిరిగినట్టే.

నమ్మకం కుదరకపోతే ఈ ఉదాహరణ చూడండి. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్, అలాస్కాలోని యాంకరేజ్... రెండూ దాదాపు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. కానీ ఒకటి భూమికి ఈ పక్క, ఇంకోటి సరిగ్గా ఆ పక్క. అక్షాంశ రేఖ వెంబడి తూర్పుకో పడమటికో పోతే దాదాపు 10,000 కిలోమీటర్లు. నెత్తి మీదుగా, అంటే ధ్రువం మీదుగా అడ్డంగా పోతే 6,500 కిలోమీటర్లు! ఊళ్లోని గుండ్రటి చెరువుకు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కట్ట మీద నడవడానికీ, పడవలో అడ్డంగా పోవడానికీ ఉన్నంత తేడా అన్నమాట.

దక్షిణార్ధగోళంలో ఇదంతా తిరగబడుతుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నుంచి దక్షిణ అమెరికాలోని సాంటియాగోకి పోయే దారి కిందికి, అంటార్కిటికా వైపు వంగుతుంది.

మరి పటం అబద్ధం చెప్పిందా?

పాపం, పటాన్ని ఆడిపోసుకోవాల్సిన పనిలేదు. బత్తాయి తొక్కను చింపకుండా, సాగదీయకుండా బల్ల మీద పరచడం ఎవరి తరమూ కాదు. 1569లో గెరార్డస్ మెర్కేటర్ అనే పటాల నిపుణుడు దీనికో ఉపాయం కనిపెట్టాడు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ భూభాగాల్ని సాగదీస్తూ పోయాడు. అందువల్ల పరిమాణాలు పాడైనా దిక్కులు మాత్రం సరిగ్గా నిలిచాయి. అప్పటి నావికులకు కావాల్సిందదే. పటంలో గీత గీసుకుని, దిక్సూచిలో ఆ కోణం పట్టుకుని పోతే రేవు చేరతారు. కొంచెం దూరం ఎక్కువైతేనేం, దారి తప్పరు!

ఆ పటమే నాలుగు శతాబ్దాలుగా మన కళ్లకు అలవాటైపోయింది. అందుకే గ్రీన్‌లాండ్ మన దేశం కన్నా ఎన్నో రెట్లు పెద్దదనిపిస్తుంది. అసలు లెక్క వేరు. మన విస్తీర్ణం 32.87 లక్షల చదరపు కిలోమీటర్లు. గ్రీన్‌లాండ్‌ది 21.66 లక్షలే! ఇక పటంలో దానితో సమానంగా కనిపించే ఆఫ్రికా, నిజానికి దానికి పద్నాలుగు రెట్లు.

విమానం బుల్లితెర మీద వంకర గీత కనిపించడానికీ కారణమిదే. సూటిగా ఉన్న దారిని సాగదీసిన పటం మీద గీస్తే అది విల్లులా వంగుతుంది. ఇంకో తమాషా ఏంటంటే, హైదరాబాద్‌లో ఉత్తరానికి ముక్కుపెట్టి లేచిన విమానం మధ్యలో ఎక్కడా మలుపు తీసుకోకుండా సూటిగా పోయినా, షికాగోలో దిగేటప్పటికి ముక్కు దక్షిణం వైపుంటుంది. నెత్తి ఎక్కి అవతలికి దిగితే మరి అంతే కదా!

లిండ్‌బర్గ్ దారం పోగు

ఈ దారం ప్రయోగం పిల్లల ఆటే కాదు. 1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ అనే పాతికేళ్ల కుర్రాడు న్యూయార్క్ నుంచి పారిస్‌కి ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ఎగరాలనుకున్నాడు. ఎంత దూరమో తెలిస్తేనే కదా ఎంత పెట్రోలు మోయాలో తేలేది! శాన్‌డియాగోలోని గ్రంథాలయానికి వెళ్లి అక్కడి గ్లోబు మీద దారంతో కొలిచాడు. తర్వాత దారిని వంద మైళ్ల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు దిక్సూచిలో ఏ కోణం పట్టుకోవాలో లెక్క కట్టుకున్నాడు. మే 20న బయల్దేరి గంటగంటకూ దిక్కు కొద్దికొద్దిగా మార్చుకుంటూ, కెనడా తూర్పు తీరం, ఐర్లాండ్ మీదుగా ముప్ఫై మూడున్నర గంటల్లో పారిస్‌లో దిగాడు. 5,800 కిలోమీటర్ల ప్రయాణం. ఆ లెక్కలన్నీ ఈరోజు విమానంలోని కంప్యూటర్ కన్నుమూసి తెరిచేలోగా చేసేస్తుంది.

గాలి వాటం

అలాగని ప్రతి విమానమూ దారం గీసిన దారినే పోతుందనుకోకండి. ఆకాశంలో గాలి నదులున్నాయి. ముప్ఫై, నలభై వేల అడుగుల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి గంటకు వంద, రెండొందలు, ఒక్కోసారి మూడొందల కిలోమీటర్ల వేగంతో వీస్తాయి. జెట్ స్ట్రీమ్స్ అంటారు. వాటికి ఎదురీదితే ప్రయాణం సాగుతుంది, వాటి వీపెక్కితే కలిసొస్తుంది.

ఎయిరిండియా ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానమే ఇందుకు సాక్ష్యం. 2015 డిసెంబరులో మొదలైనప్పుడు యూరప్, అట్లాంటిక్ మీదుగా పోయేది. దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుగా, పసిఫిక్ మహాసముద్రం మీదుగా పంపించారు. దూరం దాదాపు 15,300 కిలోమీటర్లకు పెరిగింది. కానీ పద్నాలుగున్నర గంటల్లోనే చేరిపోయింది! పడమటి దారిలో అంతకన్నా రెండు గంటలు ఎక్కువే పట్టేది. భూమి తిరగడం వల్ల ఊరే ఎదురొచ్చిందని కొందరనుకుంటారు. కాదు. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది కాబట్టి ఆ లాభమేమీ ఉండదు. వెనక నుంచి తోసింది జెట్ స్ట్రీమే.

నెత్తి మీదుగా పోవాలంటే...

ధ్రువం పక్కగా పోవడం లెక్కల్లో తేలికే. ఎగిరేవాళ్లకు మాత్రం నూటొక్క జాగ్రత్తలు. అక్కడి చలికి రెక్కల్లోని ఇంధనం గడ్డకట్టే ప్రమాదముంది. మామూలుగా వాడే విమాన ఇంధనాల్లో ఒక రకం మైనస్ 40 డిగ్రీల దగ్గర, ఇంకో రకం మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అందుకే పైలట్లు ఇంధనం వేడిని కనిపెడుతూ, అవసరమైతే ఎత్తు తగ్గించో వేగం పెంచో నెట్టుకొస్తారు. అయస్కాంత దిక్సూచిని అక్కడ నమ్మలేం. సూర్యుడి మీద తుపాను రేగితే రేడియో మూగబోతుంది. అమెరికా నిబంధనల ప్రకారం ధ్రువ మార్గంలో పోయే విమానంలో చలిని తట్టుకునే ప్రత్యేక సూట్లు రెండైనా ఉండాలి. ఎక్కడో మంచులో దిగాల్సి వస్తే సిబ్బంది బయటికి వెళ్లి పనులు చూడాలి మరి!

రెండింజన్ల విమానానికి ఇంకో షరతుంది. ఒక ఇంజిన్ ఆగిపోతే రెండోదానితో నిర్ణీత సమయంలోగా చేరుకోగల విమానాశ్రయం దారి పొడవునా ఉండాలి. ఒకప్పుడు ఆ సమయం అరవై నిమిషాలే. 1985లో నూట ఇరవైకి, ఆ తర్వాత నూట ఎనభైకి, ఇంకా పైకి పెంచారు. ఆ వెసులుబాటే లేకపోతే ఈ దారులు లేవు. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా విమానంలో ఇంజిన్ ఇబ్బంది వస్తే రష్యా తూర్పు కొసనున్న మగదాన్‌లో దించారు. 216 మంది ప్రయాణికులు. భాష రాదు, తిండి పడదు. ముంబయి నుంచి ఇంకో విమానం వచ్చి ఎక్కించుకెళ్లేదాకా అక్కడే గడిపారు. అయినా క్షేమంగా ఇళ్లకు చేరారంటే, ఆ మారుమూల ఓ రన్‌వే ఉండబట్టే!

ఇన్ని జాగ్రత్తల మధ్యే 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవానె, శివానీ మన్హాస్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు ఎయిరిండియా విమానాన్ని నడిపించుకొచ్చారు. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. సూటిదారి దూరమే దాదాపు 14,000 కిలోమీటర్లు. ప్రయాణం పదిహేడు గంటలు.

గట్టు ఎవరిది?

గాలి, చలి, ఇంజిన్... వీటన్నిటినీ మనిషి దారికి తెచ్చుకున్నాడు. దారికి రానిదొకటి మిగిలింది. మనుషుల మధ్య పోట్లాట!

పల్లెటూళ్లో పక్క ఊరికి పోవాలంటే రోడ్డు చుట్టు తిరుగుడు, చేల గట్ల మీదుగా పోతే దగ్గర. కానీ మధ్యలో చేనున్న రైతుతో మాటల్లేకపోతే? కంచె వేసేస్తాడు. ఎండలో చుట్టూ తిరిగి పోవాల్సిందే. ఆకాశంలోనూ అంతే. ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశంపై పూర్తి హక్కుందని 1944 డిసెంబరులో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. విచిత్రంగా, ఆ ఒప్పందం మీద సంతకాలు జరిగింది షికాగోలోనే! పై నుంచి ఎగిరినందుకు విమాన సంస్థలు ఆయా దేశాలకు రుసుం కడతాయి. మన దేశమూ వసూలు చేస్తుంది. అయితే రుసుం కట్టడానికి సిద్ధపడినా, రావద్దంటే చేసేదేం లేదు.

సోవియట్ యూనియన్ ఉన్న రోజుల్లో సైబీరియా ఆకాశం చాలామందికి మూసిన తలుపే. యూరప్ నుంచి జపాన్ వెళ్లే విమానాలు అలాస్కాలోని యాంకరేజ్‌లో దిగి ఇంధనం నింపుకుని పోయేవి. 1983లో ఫిన్‌లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్, హెల్సింకి నుంచి టోక్యోకి ధ్రువం మీదుగా ఆగకుండా నడిపింది. అదే ఏడాది సెప్టెంబరు 1న యాంకరేజ్ నుంచి సియోల్ బయల్దేరిన కొరియా విమానం దారి తప్పి సోవియట్ ఆకాశంలోకి వెళ్లింది. యుద్ధవిమానం దాన్ని కూల్చేసింది. 269 మంది చనిపోయారు. ఆ నెలలోనే అమెరికా అధ్యక్షుడు రీగన్, తమ సైన్యం తయారుచేస్తున్న జీపీఎస్‌ను పౌర విమానాలకూ అందుబాటులోకి తెస్తామని ప్రకటించారు. ఈరోజు మన సెల్‌ఫోన్‌లో దారి చూపించేది అదే.

తర్వాత సైబీరియా తలుపులు తెరుచుకున్నాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే యూరప్, అమెరికా, రష్యా ఒకరి విమానాలకు ఒకరు మళ్లీ ఆకాశం మూసుకున్నారు. పది గంటలలోపే అయిపోయే హెల్సింకి - టోక్యో ప్రయాణం పదమూడు గంటలైంది. ఫిన్‌ఎయిర్ మళ్లీ పాత ధ్రువం దారి పట్టింది!

మన గడప దగ్గరా ఇదే కథ. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి తర్వాత పాకిస్థాన్ తన ఆకాశాన్ని మూసి జులై 16 దాకా తెరవలేదు. ఆ చుట్టు తిరుగుడుకు జులై 2 నాటికే ఎయిరిండియాకు 491 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత భారత విమానాలకు అక్కడి ఆకాశం మళ్లీ మూతపడింది. మనమూ వాళ్ల విమానాలకు మూసేశాం. అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు కొన్ని వియన్నాలోనో, కోపెన్‌హాగెన్‌లోనో దిగి ఇంధనం పోసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ - వాషింగ్టన్ సర్వీసునే నిలిపేశారు. విమానాల కొరతతో పాటు ఈ చుట్టుదారినీ కారణంగా చెప్పారు.

గంటో రెండు గంటలో ఎక్కువ ఎగిరితే ఏమవుతుందిలే అనిపించవచ్చు. అంతంత దూరాలకు ఆ గంటే భారం. ఎక్కువ దూరానికి ఎక్కువ ఇంధనం మోయాలి. ఆ బరువును మోయడానికి ఇంకాస్త ఇంధనం కావాలి. చివరికి కొన్ని సీట్లు ఖాళీగా వదిలేయడమో, మధ్యలో ఎక్కడో దిగడమో తప్పదు. ఆ ఖర్చు తిరిగి తిరిగి టిక్కెట్టు మీదికే వస్తుంది.

హైదరాబాద్ నుంచి షికాగోకి ఎక్కడా ఆగని విమానాన్ని ఎయిరిండియా 2021 జనవరిలో మొదలుపెట్టింది. గల్ఫ్‌లోనో యూరప్‌లోనో విమానం మారే బాధ తప్పిందని, ఇంగ్లీషు రాని అమ్మానాన్నల్ని ధైర్యంగా ఒంటరిగా ఎక్కించవచ్చని ఇక్కడివాళ్లూ అక్కడివాళ్లూ సంబరపడ్డారు. ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు, సర్వీసు ఆగిపోయింది.

ఈ ఆదివారం తీరిక దొరికితే పిల్లల చేత గ్లోబు తీయించండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ... మీది ఏ ఊరైతే ఆ ఊరి నుంచి మీవాళ్లున్న చోటికి దారం లాగించండి. ఎన్ని సెంటీమీటర్లో కొలిచాక, దారం కిందున్న దేశాల పేర్లు ఒక్కొక్కటే పైకి చదివించండి. వాటిలో ఎవరు ఎవరితో తగాదా పడ్డా, వేసవి సెలవులకు మనవడు తాతయ్య ఇంటికి వచ్చే దారి ఇంకొంచెం పొడుగవుతుంది.